మూడో తోలు నిలిచింది

2025 సంక్రాంతి సాయంత్రం మా పెదనాన్న డప్పు పగిలింది. ఎడ్ల పందేల దగ్గరికి బయలుదేరబోతూ, ఎప్పటిలాగే గడ్డి మంట మీద కాచుకుంటున్నాడు. టప్పుమని ఒక చప్పుడు. చూస్తే తోలు నడిమధ్య నుంచి అంచుదాకా చీలిపోయింది. పందొమ్మిదేళ్ల డప్పు అది. చట్రం కూడా అప్పటికే పుచ్చిపోయి ఇనప పట్టీల మీద నిలబడుతోంది. పెదనాన్న ఏమీ అనలేదు. మంట ఆర్పాడు. పగిలిన డప్పుని తీసుకెళ్లి గోడ మేకుకి ఎప్పటిలాగే తగిలించి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నేను గుంటూరులో ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూస్తాను. పెదనాన్నకి 68 ఏళ్లు. ఒకప్పుడు మా పల్లెలో ఎనిమిది మంది మేళం ఉండేది. ఇప్పుడు ముగ్గురు మిగిలారు. వాళ్లలో తోలు డప్పు కట్టడం తెలిసినవాడు పెదనాన్న ఒక్కడే. ఆయనా కట్టి ఆరేళ్లయింది.

"కొత్తది కొందాం పెదనాన్నా, ఒంగోలులో దొరుకుతాయిగా" అన్నాను.

"అయ్యి ఫైబరువిరా. డప్పు కొనుక్కునేది కాదు, కట్టుకునేది." కాసేపాగి మళ్లీ అన్నాడు. "నాకు చూపు ఆనట్లా. మోకాళ్లు వంగట్లా. చేతులు నీయి పెడతానంటే చెప్తా."

పెడతానన్నాను. ఒక నెల పనేమో అనుకున్నా. అది జులై దాకా సాగింది. డప్పు ఎలా వాయించాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి గానీ, తోలు తెచ్చుకున్న దగ్గర్నుంచి అసలు ఏం జరుగుతుందో చెప్పినవి నాకు కనపడలేదు. ఎవరైనా కట్టుకోవాలనుకుంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పెదనాన్న ఇంటికి మూడిళ్ల అవతలే ఉంటాడు. మా తాత రోజుల్లో ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా అర్ధరాత్రయినా కబురొచ్చేది. జ్వరంతో పడి ఉన్నా లేచి వెళ్లాల్సిందే. డబ్బంటూ ఉండదు, కాసిని గింజలో, మిగిలిన కూడో పెట్టేవాళ్లు. నాన్న హాస్టల్లో చదువుకుని దాన్నుంచి బయటపడ్డాడు. నా ఏడో ఏట నేను పెదనాన్న డప్పు ముట్టుకుంటే నాన్న నా చేతి మీద కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. పెదనాన్న దారి వేరు. 1994లో మా జిల్లాలోనే ఈదుముడిలో ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలైతే, డప్పు భుజానేసుకుని సభలన్నీ తిరిగాడు. "అప్పటిదాకా వాళ్లు కొట్టమంటే కొట్టాం. అప్పుడు మనకోసం మనం కొట్టుకున్నాం" అంటాడు. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లే ఇద్దరూ. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపిస్తుంది. నేను డప్పు కడతానని చెప్పినప్పుడు నాన్న "నీ ఇష్టం" అని లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

జనవరి 26న చట్రం పని మొదలైంది. పక్క మండలంలో ఒక వడ్రంగి చేస్తానన్నాడు. మాఘమాసం పెళ్లిళ్లు, మంచాల పని ఒత్తిడి, మూడు వారాలు పట్టింది. వేప చెక్కని వంపుగా ఆరు ముక్కలు కోసి, అతికి, ఇనప పట్టీలు కొడతారు. 1,500 తీసుకున్నాడు. కొలత అడిగితే పెదనాన్న అంగుళాల్లో చెప్పలేదు, తన జానతో రెండు జానలు అన్నాడు. టేపుతో కొలిస్తే 18 అంగుళాలకి ఒక పిసరు తక్కువ వచ్చింది. ఫిబ్రవరి 16న చట్రం చేతికొచ్చాక, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చుట్టూ వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, "ఇక్కడ అతుకు వదులు" అన్నాడు. నాకు తేడా ఏమీ తెలియలేదు. వడ్రంగి దగ్గరికి తీసుకెళ్తే నిజంగానే అక్కడ సందు కనపడింది. మళ్లీ పట్టీ కొట్టించుకుని వచ్చాం. వెనకవైపు వార్లు లాగి కట్టడానికి చేతి గాజంత ఇనప కడియం కావాలి, అది వెల్డింగు షాపులో చేయించాం. పట్టీలతో కలిపి 200.

ఇక తోలు. మేకతోలే కావాలి. గొర్రెతోలులో కొవ్వు ఎక్కువ, పొరలు పొరలుగా విడిపోతుంది, బిగువు పట్టదు. ఫిబ్రవరి 23 ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టుకి వెళ్లాను. తోలు బాగా ఖరీదు ఉంటుందనుకుని వెయ్యి రూపాయలు జేబులో పెట్టుకెళ్లా. వంద ఇమ్మన్నాడు. ఇప్పుడు తోళ్లు కొనేవాళ్లే లేరట, కొన్ని రోజులు ఊరికే పారేస్తున్నామన్నాడు. ఆ మాట విని పెదనాన్న చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు.

బానలో సున్నం కలిపిన నీళ్లు పోసి తోలు ముంచాం. మూడు నాలుగు రోజుల్లో వెంట్రుక వదులవుతుంది. మధ్యమధ్యలో కర్రతో తిప్పాలి. బుధవారం శివరాత్రి సెలవు, మళ్లీ ఊరికి వచ్చాను. తాటి దుంగ మీద తోలు పరిచి మొద్దు కత్తితో గీస్తే వెంట్రుక తడి బూజులాగా ఊడి వస్తుంది. వెనక కండ పొర తీయడమే కష్టం. కత్తి కాస్త వాలిస్తే తోలు తెగుతుంది, నిటారుగా పెడితే పొర రాదు. నాలుగు గంటలు పట్టింది. తర్వాత ఏడెనిమిది నీళ్లు మార్చి కడిగాం. చేతులు సున్నానికి పగిలిపోయాయి. గ్లవుజులు వేసుకుంటే పొర ఎక్కడుందో వేళ్లకి తెలియదు, అందుకే తీసేశాను.

వాసన గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తాను. అది చేతుల్లోంచి పోదు. నిమ్మకాయ రుద్దాను, శీకాయ రుద్దాను, డెటాల్ పోశాను. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో అందరం బాక్సులు విప్పుకుని కూర్చున్నప్పుడు, ఎవరూ ఏమీ అనకముందే నేను చెయ్యి బల్ల కిందకి లాక్కున్నాను. ఆ క్షణాన మా తాత గుర్తొచ్చాడు. ఆయన బతుకంతా ఆ చేతులతోనే తిన్నాడు. నాన్న నా చేతి మీద ఎందుకు కొట్టాడో ఆ బల్ల దగ్గర అర్థమైంది. చెయ్యి పైకి తీసి అన్నం కలుపుకుని తిన్నాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

ఆ మొదటి తోలు నిలవలేదు. శివరాత్రి సాయంత్రమే చట్రానికి ఎక్కించి, వార్లు లాగి, నీడలో పెట్టి నేను గుంటూరు బస్సెక్కాను. రాత్రి పదకొండింటికి పెదనాన్న ఫోన్. "పోయిందిరా." కారణం ఆయనకి చూడగానే తెలిసింది. మటన్ కొట్టులో తోలు గబగబా ఒలుస్తారు, కత్తి మొన గాట్లు పడతాయి. పచ్చిగా ఉన్నప్పుడు కంటికి కనపడవు. ఎండే కొద్దీ తోలు బిగుసుకుని సరిగ్గా ఆ గాటు దగ్గర చీలుతుంది. తోలుని వెలుతురుకి అడ్డం పట్టుకుని చూసుకోవాలని ఆయన నాకు చెప్పాడు, నేనూ చూశాను. కానీ ఏది గాటో ఏది నరమో నా కంటికి తెలియలేదు.

రెండో తోలు పాడైంది పూర్తిగా నా వల్లే. మార్చి 9న సున్నంలో వేశాం. గురువారం నేను రావాలి. మార్చి నెల, లెక్కలు తేల్చే రోజులు, సెలవు దొరకలేదు. పెదనాన్న చూసుకుంటాడులే అనుకున్నాను. ఆయన కందుకూరు బంధువులింట్లో చావుకి వెళ్లి మూడు రోజులు ఉండిపోయాడు. ఆదివారం నేను వెళ్లి కర్రతో పైకి లేపితే తోలు జావలాగా జారి మళ్లీ బానలో పడింది. వేళ్లతో పట్టుకుంటే వేళ్లు దాంట్లోంచి దిగిపోయాయి. పొలం గట్టున గొయ్యి తీసి పూడ్చాం. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది. తిరుగు బస్సులో కూర్చుని, ఇంక చాలు, ఫైబర్ డప్పే కొనిచ్చేద్దాం అనుకున్నాను. చిలకలూరిపేట దాటేదాకా ఆ మాటే మనసులో తిరిగింది.

ఫైబర్ డప్పు గురించి ఒక మాట. దాన్ని వాయించే పిల్లల్ని నేను తప్పుపట్టను. కాచే పని లేదు, వానలో తడిసినా పరవాలేదు, పెళ్లి ఊరేగింపులో నాలుగు గంటలు ఏకబిగిన కొట్టొచ్చు. మా మేళంలో ఉన్న ముగ్గురిలో ఒకతనిది ఫైబరే. కానీ దానిది ఒకటే గొంతు. నడుమ కొట్టినా అంచున కొట్టినా చెవికి పెద్ద తేడా రాదు. తోలు డప్పుకి నడుమ దిమ్మని లోతుగా ఒక గొంతు, అంచున టక్కుమని ఇంకో గొంతు. ఆ రెండిటి మధ్యే దెబ్బలన్నీ ఉన్నాయి. నాకు ఈ తేడా కట్టిన తర్వాతే చెవికి తెలిసింది.

మూడో తోలు ఉగాది మర్నాడు, మార్చి 31న దొరికింది. ఆ రోజు రంజాన్ సెలవు. మా పల్లెలో ఒక ఇంట్లో మేకని కోస్తున్నారు. ఈసారి పెదనాన్న తనే కర్ర పట్టుకుని వచ్చాడు. "తోలు నేను ఒలుస్తా, కత్తి ఇటు తేబాకండి" అన్నాడు. కాళ్ల దగ్గర మాత్రం చిన్న కోత పెట్టి, మిగతాదంతా పిడికిలితో నెట్టుకుంటూ ఒలిచాడు. తోలుకీ మాంసానికీ మధ్య పిడికిలి దూర్చి ముందుకి తోస్తుంటే, చొక్కా విప్పినట్టు వచ్చేసింది. ఒక్క గాటు లేదు. మేక యజమానికి 150 ఇచ్చాం. తోలుకి ఉప్పు పట్టించి మడిచి పెట్టాడు. నేను ఎప్పుడు రాగలనో అడిగి, లెక్కేసుకుని, బుధవారం సున్నంలో వేశాడు.

ఏప్రిల్ 5 శనివారం, బాబూ జగ్జీవన్‌రామ్ జయంతి సెలవు. ఆదివారం శ్రీరామనవమి. రెండు రోజులు చేతిలో ఉన్నాయి. ఈసారి గీసే పని రెండున్నర గంటల్లో అయింది. పెద్దమ్మ ముందురోజే చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టింది. వాటిని రోట్లో మెత్తగా రుబ్బి, పొయ్యి మీద ఉడికిస్తే చిక్కటి జిగురవుతుంది. ఫెవికాల్ వాడకూడదా అని అడిగాను. మంట తగిలితే అది వదిలేస్తుందని, చింతగింజ జిగురు మంటకి ఇంకా గట్టిపడుతుందని పెద్దమ్మ చెప్పింది. ఇన్నేళ్లుగా ఈ పల్లెలో కట్టిన ప్రతి డప్పుకీ జిగురు కాచింది ఆవిడే. మేళం అంటే అందరూ మగవాళ్ల పేర్లే చెప్తారు.

చట్రం అంచుకి జిగురు పూసి, తడి తోలు పరిచాం. అంచుల వెంట ఆరెతో చిల్లులు పొడిచాను. మిగిలిన తోలు అంచుని సన్నటి వార్లుగా కోసి, చిల్లుల్లోంచి లాగి వెనక కడియానికి బిగించాలి, బండి చక్రం ఆకుల్లాగా. ఎదురెదురు వార్లు జతగా బిగించాలి. ఒక పక్కనే బిగిస్తూ పోతే తోలు అటు నడిచిపోతుంది. నేను లాగుతుంటే పెదనాన్న కళ్లు మూసుకుని అరచెయ్యి తోలు మీద పెట్టి కూర్చున్నాడు. "తూరుపు పక్క ఇంకాస్త. చాలు. దానెదురుది." ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది కదా అని నాకు ఆత్రం. ఎండ ఒక వైపే తగిలి ఆ వైపు ముందు బిగుస్తుంది, అదే చీలుస్తుంది, నీడలో గాలికే ఆరాలన్నాడు. ఆ రాత్రి రెండు గంటలకొకసారి లేచి వార్లు చూశాం. రెండింటికి ఒకసారి తోలు కిర్రుమంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చీల్లేదు. వార్లలో ఒకటి కడియం మీద సర్దుకున్న చప్పుడు అది. పెదనాన్న నా భుజం పట్టుకుని నవ్వాడు.

తెల్లారేసరికి తోలు రంగు మారింది, అద్దంలో పాలు పోసినట్టు. ఇంకో వారం ముట్టుకోవద్దన్నాడు. ఏప్రిల్ 13న మొదటిసారి మంట చూపించాం. ఎండు తాటాకు వెలిగించి, డప్పుని మంటకి జానెడు ఎత్తున తిప్పుతూ, మధ్యమధ్య గోరుతో మీటి చూస్తుంటాడు. మొదట బొద్దుగా ఒక మోత. తోలులో చెమ్మ ఆరే కొద్దీ ఆ మోత పైకి లేస్తూ వచ్చి ఒకచోట ఖంగుమంది. వెంటనే మంట మీంచి తీసేశాడు. ఇంకో నిమిషం ఉంచితే పగిలేదట. "కట్టినోడే మొదటి దెబ్బ కొట్టాలి" అని సిర్ర, అంటే కుడి చేత్తో కొట్టే పుల్ల, నా చేతికిచ్చాడు. నాకు కొట్టడం రాదు, ఒక్కటే దెబ్బ కొట్టాను. ఆ దిమ్మనే మోత నా కడుపులోకి దిగింది. పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది. మర్నాడు అంబేడ్కర్ జయంతి ఊరేగింపులో పెదనాన్న దాన్నే కొట్టాడు. నేను పక్కన నడిచాను.

ఖర్చు అడిగేవాళ్ల కోసం చెప్తున్నా. చట్రం, కడియం, మూడు తోళ్లు, సున్నం, చింతగింజలు అన్నీ కలిపి 2,150 దాకా అయింది. జులై దాకా బస్సు ఛార్జీలే ఆరు వేలు దాటాయి. పెదనాన్న డబ్బు తీసుకోలేదు. ఒక కండువా కప్పితే మాత్రం రోజూ వేసుకుంటున్నాడు.

నేర్చుకోవడం ఏప్రిల్ 20న మొదలుపెట్టాను. మొదటి నాలుగు ఆదివారాలు డప్పు ఇవ్వలేదు, బియ్యం బస్తా మీద కొట్టమన్నాడు. ఎడమ చేతిలో సన్నటి చిటికెన పుల్ల, కుడి చేతిలో లావుపాటి సిర్ర. "ఎడమ చెయ్యి ఆగకూడదు, అది గుండెకాయ. కుడి చెయ్యి మాట్లాడాలి." ఆయన దెబ్బలన్నీ నోటితోనే చెప్తాడు, డండనక డండనక అని ఒకటి, జగ్గుజగ్గు నకనక అని ఇంకోటి. రాసుకుంటానంటే వద్దన్నాడు. నోటికి వచ్చింది చేతికి వస్తుంది, కాయితం మీద ఉన్నది కాయితం మీదే ఉంటుందన్నాడు. నాకు ఆ మాట పూర్తిగా ఒప్పు కాదు. ఆయన నిద్రపోయాక ఫోన్లో రికార్డు చేసుకున్నవి విని నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆయన తర్వాత ఎవరు చెప్తారని నా భయం. ఇప్పటికి పదకొండు దెబ్బలు రాశాను.

పెళ్లి దెబ్బ, అమ్మవారి దెబ్బ, చాటింపు దెబ్బ అన్నీ ఇంటి ముందే నేర్పాడు. చావు దెబ్బ మాత్రం ఇంటి దగ్గర కొట్టనివ్వలేదు. జూన్ 8న కాలవ కట్ట మీదకి తీసుకెళ్లాడు. శవం లేచేటప్పుడు ఒక రకం, నడిచేటప్పుడు ఒక రకం. దింపుడు కళ్లం దగ్గర డప్పు పూర్తిగా ఆగిపోవాలి. అక్కడ చనిపోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ఆ పిలుపు వినపడాలి. పిలుపు అయ్యాక ఒక్క సిర్రతో నెమ్మదిగా మళ్లీ ఎత్తుకోవాలి. "ఆ ఆపడమే కష్టంరా, కొట్టడం కాదు" అన్నాడు. ఎంతమందిని అలా సాగనంపాడో లెక్క చెప్పలేనన్నాడు. తన తమ్ముడు పోతే తను కొట్టలేడని, తను పోతే తమ్ముడు కొట్టనివ్వడని కూడా అన్నాడు. నేను కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయనకి ప్రభుత్వం డప్పు కళాకారుల పింఛను ఇస్తుంది. 2024 జులై నుంచి మూడు వేలు నాలుగు వేలయింది. ఆ డబ్బుతోనే మందులు కొనుక్కుంటాడు. కానీ ఆయన నాకు చూపించింది డబ్బు కాదు, ట్రంకు పెట్టెలో ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న కాయితం. అందులో ‘కళాకారుడు’ అన్న మాట మీద వేలు పెట్టి చదివించుకున్నాడు. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆయన్ని పిలిచే మాట వేరే ఉంది, అది ఇక్కడ రాయను.

జులై 5 శనివారం రాత్రి పీర్ల పండగ. మా ఊళ్లో సాయిబుల ఇళ్లు పదిహేను ఉంటాయేమో, కానీ పీర్లు లేచే రాత్రి ఊరంతా చావిడి దగ్గరే ఉంటుంది. మేళానికి తాంబూలం ముందే ఇచ్చారు. మేం నలుగురం. పెదనాన్నా నేనూ ఒకే డప్పు మీద వంతులవారీగా. పగలు జల్లు పడింది, గాలిలో చెమ్మ. డప్పు పది నిమిషాలకే దిగిపోతోంది. అందుకని అందరం మాటిమాటికీ గుండం దగ్గరికే వెళ్లాం. ఆ నిప్పుల మీదే డప్పులు కాచుకోవడం. ఒకరి పక్కన ఒకరం వంగి, డప్పులు తిప్పుతూ, గోళ్లతో మీటుకుంటూ. నా ముఖం కాలిపోతోంది, వీపు చల్లగా ఉంది. తోలు ఎప్పుడు ఖంగుమంటుందా అని చెవి దానికే పెట్టాను. నాది లేచింది. పెదనాన్న వైపు చూస్తే ఆయన అప్పటికే తల ఊపుతున్నాడు.

ఒంటిగంట దాకా ఆయన కొట్టాడు. గుండం చుట్టూ తిరిగే దెబ్బలో ఆయన నడుం వంచి అడుగేస్తుంటే 68 ఏళ్లని ఎవరూ అనుకోరు. తర్వాత మోకాలు పట్టేసి కూర్చుండిపోయాడు. డప్పు వారుని తన భుజం మీంచి తీసి నా భుజానికేశాడు. అక్కణ్ణించి తెల్లవారేదాకా నేనే. రెండుసార్లు తప్పాను. ఫైబర్ డప్పు కుర్రాడు అందుకుని నన్ను మళ్లీ దారిలో పెట్టాడు. తెల్లవారుజామున పీర్లు గుండం దాటేటప్పుడు చేతులకి స్పర్శ లేదు, ఎడమ చెయ్యి దానంతటదే ఆడుతోంది. భుజం మీద వారు ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయిందని ఇంటికెళ్లి చొక్కా విప్పేదాకా తెలియలేదు.

నాన్న రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు.

పొద్దున ఏడింటికి ఇంటికి వెళ్లాను. నాన్న వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. అమ్మ కాఫీ ఇచ్చింది. ముగ్గురం మాట్లాడలేదు. నాన్న గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"ఒంటిగంట దాకా అన్న చెయ్యి. తర్వాత నీదేగా?"

"అవును నాన్నా."

"నాలుగింటప్పుడు డప్పు దిగిపోయింది. కాచుకోలేదేం?"

గుండం దగ్గర జనం కిక్కిరిసిపోయారని, పక్కన మంట వేద్దామంటే గడ్డి తడిసిపోయిందని చెప్పాను.

"గడ్డి కాదు. తాటాకు ఎండాకాలమే కోసి అటక మీద పడెయ్యాలి" అన్నాడు. లేచి లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మన అటక ఖాళీగానే ఉంది."